చివరి తూటా తరవాత ఏం జరిగింది? మేజర్ ధన్ సింగ్ థాపా, మనం మరిచిన యుద్ధఖైదీలు

2021 ఫిబ్రవరి 11న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పాంగాంగ్ సరస్సు దగ్గర బలగాల ఉపసంహరణ గురించి పార్లమెంటుకు వివరించారు. సరస్సు ఉత్తర ఒడ్డున సరస్సు వైపు వేళ్లలా చొచ్చుకొచ్చే కొండకొమ్ములను ఫింగర్లంటారని, వాటిలో చైనా సైన్యం ఫింగర్ 8కి తూర్పున ఉంటుందని, భారత సైన్యం ఫింగర్ 3 దగ్గరున్న శాశ్వత స్థావరం ధన్ సింగ్ థాపా పోస్టులో ఉంటుందని చెప్పారు. ఎవరు ఎంత వెనక్కి తగ్గారు, ఎవరికి లాభం అన్న దాని మీద ఆ తరవాత చాలా రోజులు చర్చ నడిచింది. పోస్టుకు ఆ పేరెందుకు ఉందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

థాపా 1962లో అదే సరస్సు ఒడ్డున పోరాడి చైనా సైన్యానికి పట్టుబడిన పదాతి దళ అధికారి. చనిపోయారనుకుని దేశం ఆయనకు అత్యున్నత శౌర్య పతకం ప్రకటించింది. కొన్ని నెలల తరవాత ఆయన సజీవంగా తిరిగొచ్చారు. యుద్ధఖైదీగా గడిపిన సైనికుడిని సమాజం ఎలా గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకు మరిచిపోతుంది అని తెలుసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

క్లుప్తంగా

యుద్ధంలో మరణించినవారికి స్మారకం, గెలిచినవారికి కవాతు ఉంటాయి. పట్టుబడి తిరిగొచ్చినవారికి మన దగ్గర అలాంటి స్థిరమైన చోటు లేదు. అందుకు మూడు కారణాలు కనిపిస్తాయి. యుద్ధరంగం నుంచి వచ్చే సమాచారం పట్టుబడినవారిని చాలాసార్లు మృతులుగానో, గల్లంతైనవారిగానో నమోదు చేస్తుంది. పట్టుబడటాన్ని ఓటమికి గుర్తుగా చూసే ధోరణి సైన్యాల్లోనూ సమాజంలోనూ ఉంది. విడుదల సమయంలో ప్రభుత్వాలు పాటించే మౌనం ఆ తరవాత కూడా కొనసాగుతుంది. ఫలితంగా ఒకరిద్దరు పతక గ్రహీతల పేర్లు మిగులుతాయి, వారు ఖైదులో గడిపిన కాలం చరిత్రలోంచి జారిపోతుంది.

సిరిజాప్‌లో ఏం జరిగింది

ధన్ సింగ్ థాపా 1928 ఏప్రిల్ 10న సిమ్లాలో నేపాలీ కుటుంబంలో పుట్టారు. 1949 ఆగస్టులో 8వ గూర్ఖా రైఫిల్స్‌లో అధికారిగా చేరారు. 1962 నాటికి ఆయన బెటాలియన్, అంటే 1/8 గూర్ఖా రైఫిల్స్, లద్దాఖ్‌లో ఉంది. చైనా ముందుకు రాకుండా ఆపడానికి చిన్న చిన్న పోస్టులు పెట్టుకుంటూ పోవాలన్న 'ఫార్వర్డ్ పాలసీ' అప్పుడు నడుస్తోంది. పాంగాంగ్ ఉత్తర ఒడ్డున సిరిజాప్ దగ్గర పెట్టిన పోస్టులు అందులో భాగమే. చుషూల్ విమానాశ్రయాన్ని కాపాడుకోవాలంటే ఆ ప్రాంతం కీలకమని సైన్యం భావించింది.

సిరిజాప్-1 పోస్టులో థాపా నాయకత్వంలో ఉన్నది 28 మంది. సరస్సు సముద్ర మట్టానికి 4,000 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. అక్కడ కందకం తవ్వడమే కష్టం. ఎదుట ఫిరంగులు, మోర్టార్లు ఉన్న సైన్యం. పోస్టుకు వెనకనుంచి సాయం రావాలంటే పడవల మీద సరస్సు దాటి రావాలి. ఇంత బలహీనమైన పోస్టు నిజమైన దాడిని ఎంతసేపు ఆపగలదన్న ప్రశ్నకు ఫార్వర్డ్ పాలసీ రూపకర్తల దగ్గర జవాబు లేదు. చైనా దాడి చేయదన్న నమ్మకం మీదే ఆ విధానమంతా ఆధారపడింది.

దాడి 1962 అక్టోబర్ 20న జరిగిందని పరమవీర చక్ర ప్రశంసాపత్రం చెబుతుంది. ఫిరంగుల వర్షం తరవాత మొదటి దాడి వచ్చింది, గూర్ఖాలు తిప్పికొట్టారు. మరింత మంది సైనికులతో రెండోది వచ్చింది, దాన్నీ నిలువరించారు. మూడోసారి చైనా పదాతి దళానికి ట్యాంకులు తోడయ్యాయి. అప్పటికి పోస్టులో మిగిలింది కొద్దిమందే. ఆఖరికి పోస్టు శత్రువు వశమవుతున్నప్పుడు థాపా కందకంలోంచి బయటికి దూకి చేతులతో కలబడి పోరాడారని, చైనా సైనికులు ఆయన్ని లొంగదీసుకునేలోపు కొందరిని చంపారని అందులో ఉంది.

ఆ పత్రం అక్కడితో ఆగిపోతుంది. 'లొంగదీసుకున్న' మనిషికి ఆ తరవాత ఏమైందన్నది శౌర్య పతకాల ప్రశంసాపత్రాల పరిధిలోకి రాదు.

బతికున్న మనిషి మృతుడు ఎలా అయ్యాడు

యుద్ధంలో ఒక పోస్టు కూలిపోయినప్పుడు అక్కడ ఏం జరిగిందో వెనక ఉన్న హెడ్‌క్వార్టర్స్‌కు తెలిసే మార్గాలు చాలా తక్కువ. మొదటిది వైర్‌లెస్. సిరిజాప్‌లో మొదటి ఫిరంగి దెబ్బలకే ఆ సంబంధం తెగిపోయింది. రెండోది, తప్పించుకుని వచ్చినవారు చెప్పే మాట. మూడోది, చూసి రమ్మని పంపినవారి రిపోర్టు.

సరస్సు మీదుగా రెండు పడవలను సిరిజాప్ వైపు పంపారు. వాటి మీద కాల్పులు జరిగాయి. ఒకటి మునిగిపోయింది. రెండోదాన్ని నాయక్ రబీలాల్ థాపా ఎలాగో వెనక్కి తెచ్చారు. పోస్టు పడిపోయిందని, అక్కడ బతికినవాళ్లెవరూ లేరని ఆయన తెచ్చిన వార్త. ఆయన చూడగలిగినంత మేరకు అది నిజమే. కాల్పుల మధ్య, నీటి మీద నుంచి చూసిన మనిషికి కాలిపోతున్న పోస్టు కనిపిస్తుంది. అక్కడినుంచి బందీలుగా నడిపించుకుపోయినవారు కనిపించరు.

ఆ రిపోర్టు పైకి వెళ్లి, థాపా మరణించినట్టు నమోదై, పరమవీర చక్ర మరణానంతర పురస్కారంగా వెలువడింది. కుటుంబం అంతిమ సంస్కారాలు కూడా జరిపించిందని, ఆయన తిరిగొచ్చాక సంప్రదాయం ప్రకారం కొన్ని తంతులు మళ్లీ చేయాల్సి వచ్చిందని కథనాలున్నాయి. తరవాత చైనా ఇచ్చిన ఖైదీల జాబితాలో ఆయన పేరు కనిపించింది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ సంగతిని కాస్త నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సందర్భాల్లో 'ప్రభుత్వం దాచింది', 'సైన్యం వదిలేసింది' అన్న ఆరోపణలు త్వరగా పుడతాయి. పట్టుబడిన మనిషి పేరును శత్రుదేశం బయటపెట్టే వరకు అతను మృతుడో, గల్లంతయ్యాడో, ఖైదీయో స్వదేశానికి తెలిసే దారి దాదాపు ఉండదు. అంటే ఒక సైనికుడి ఉనికి శత్రువు రాసే ఒక కాగితం మీద ఆధారపడుతుంది.

కాగితం చేసే పని

ఈ సమస్య కోసమే 1949 నాటి మూడో జెనీవా ఒప్పందంలో సమాచారం గురించి ప్రత్యేక నిబంధనలు పెట్టారు. ఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు చెబితే చాలునని 17వ అధికరణం చెబుతుంది. క్యాంపుకు చేరిన వారంలోగా కుటుంబానికీ, ఖైదీల సమాచార కేంద్రానికీ కార్డు రాసే అవకాశం ఇవ్వాలని 70వ అధికరణం. ప్రతి దేశం ఒక సమాచార విభాగం నడపాలని 122వది. పోరాటం ఆగాక ఖైదీలను ఆలస్యం చేయకుండా విడిచిపెట్టాలని 118వది.

భారత్ ఈ ఒప్పందాన్ని 1950లో, చైనా 1956లో ఆమోదించాయి. 1962లో ఎవరూ లాంఛనంగా యుద్ధం ప్రకటించలేదు. అయినా ఒప్పందం వర్తిస్తుంది, ఎందుకంటే సాయుధ ఘర్షణ జరిగితే చాలు, ప్రకటన అక్కర్లేదని రెండో అధికరణంలోనే ఉంది. మన జవాన్లు దాదాపు 4,000 మంది చైనాకు పట్టుబడ్డారు. చైనా సైనికులెవరూ మనకు పట్టుబడలేదు. ఈ తేడాకు పర్యవసానం ఉంది. రెండు వైపులా ఖైదీలుంటే నీ మనుషులను నేను బాగా చూసుకోవాలంటే నా మనుషులను నువ్వు బాగా చూడు అన్న లెక్క పనిచేస్తుంది. ఒకే వైపు ఉన్నప్పుడు ఎప్పుడు వదలాలి, ఎలా వదలాలి, ఎవరి ముందు వదలాలి అన్నీ పట్టుకున్నవాడి ఇష్టం.

చైనా ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంది. 1962 నవంబర్ 21న ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. గాయపడినవారిని, జబ్బుపడినవారిని డిసెంబరులో వదలడం మొదలుపెట్టింది. మిగిలినవారి విడుదల 1963 వసంతం దాకా సాగింది. ఈలోగా క్యాంపుల్లో అధికారులను, జవాన్లను వేరుచేశారు. భారత ప్రభుత్వమే తప్పు చేసిందని చెప్పించే ప్రయత్నాలు జరిగాయి. కొందరు సీనియర్ అధికారులను విడుదలకు ముందు చైనా నగరాలు తిప్పి చూపించారు.

థాపా విషయంలో బందీకాలం మరింత కఠినంగా గడిచింది. చైనా సైనికులను చంపినందుకు, భారత సైన్యానికీ ప్రభుత్వానికీ వ్యతిరేకంగా ప్రకటన ఇవ్వడానికి నిరాకరించినందుకు ఆయన్ని శిక్షించారు. ఆయన గురించి వచ్చిన దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఖైదు గురించి ఉండేది ఈ ఒక్క వాక్యమే. కొన్ని గంటల పోరాటానికి పేజీలు కేటాయిస్తారు, నెలల తరబడి సాగిన నిరాకరణ ఒక్క వాక్యంలో ముగుస్తుంది. తుపాకీ చేతిలో ఉండగా, పక్కన తనవాళ్లుండగా చూపే తెగువ ఒకటి. ఏ తోడూ లేకుండా, ఎవరూ చూడని గదిలో, సంతకం పెడితే అన్నం బాగా దొరుకుతుందని తెలిసీ రోజూ కాదనడం మరొకటి. రెండోదానికి సాక్షులుండరు. పతకాల విధానం సాక్ష్యం మీద నడుస్తుంది, అందుకే అది రెండోదాన్ని గుర్తించలేకపోతోంది.

1962 పరమవీరులు ముగ్గురిలో ఇద్దరు ఖైదీలు

1962 యుద్ధానికి మూడు పరమవీర చక్రలు ప్రకటించారు. థాపా కాక మిగిలిన ఇద్దరు సుబేదార్ జోగిందర్ సింగ్, మేజర్ షైతాన్ సింగ్. వీరిలో జోగిందర్ సింగ్ కూడా పట్టుబడినవారే అన్నది చాలామందికి తెలియదు.

1వ సిక్కు బెటాలియన్‌కు చెందిన జోగిందర్ సింగ్ నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని బుమ్లా ప్రాంతంలో అక్టోబర్ 23న పోరాడారు. తొడలో తూటా దిగినా వెనక్కి రావడానికి ఒప్పుకోలేదు. మందుగుండు అయిపోయాక మిగిలిన కొద్దిమందితో బయొనెట్లతో ఎదురుదాడికి దిగారు. గాయాలతో పట్టుబడి, చైనా ఖైదులోనే చనిపోయారు. ఆయనకు పరమవీర చక్ర వచ్చిందని తెలిసిన చైనా 1963 మే 17న అస్థికలను సైనిక మర్యాదలతో అప్పగించింది. స్మారకాలు, సమావేశాలు ఆయన్ని యుద్ధరంగంలో నేలకొరిగిన వీరుడిగానే తలుచుకుంటాయి. ఖైదులో పోయిన ప్రాణమని చెప్పడం తక్కువ. అలా చెబితే గౌరవం తగ్గుతుందన్న సంకోచం అందులో కనిపిస్తుంది. నిజానికి గాయంతో పడిపోయి పట్టుబడిన మనిషి గౌరవం ఎందుకు తగ్గాలి?

మూడోవారు కుమావ్ రెజిమెంటు 13వ బెటాలియన్‌కు చెందిన షైతాన్ సింగ్. నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్‌లా కనుమ దగ్గర ఆయన కంపెనీలో 120 మందికి 114 మంది చనిపోయారు. బతికి బయటపడిన కొద్దిమంది చెప్పిన సంగతిని మొదట్లో పూర్తిగా నమ్మలేదు. 1963 ఫిబ్రవరిలో మంచు మధ్య కందకాల్లో ఆయుధాలు పట్టుకున్నట్టే ఉన్న మృతదేహాలు కనిపించాకే ఆ మాట నిజమని ఒప్పుకున్నారు. బతికున్నవారి సాక్ష్యానికి విలువ రావడానికి చనిపోయినవారి దేహాలు దొరకాల్సి వచ్చింది.

పట్టుబడటం మీద నీడ

యుద్ధఖైదీ మీద అనుమానం ఒక్క భారత్‌లోనే లేదు. 1941లో జపాన్ సైన్యానికిచ్చిన నియమావళి, ఖైదీగా బతకడం కంటే చావడం నయమని నేర్పింది. అదే ఏడాది స్టాలిన్ జారీచేసిన 270వ నంబరు ఉత్తర్వు లొంగిపోయిన అధికారులను ద్రోహులుగా చూసింది, వారి కుటుంబాలను అరెస్టు చేయమంది. కొరియా యుద్ధంలో తమ ఖైదీల ప్రవర్తనపై గొడవ చెలరేగాక అమెరికా 1955లో సైనికులకు ప్రత్యేక ప్రవర్తనా నియమావళి తెచ్చింది. అయితే అదే అమెరికా 1985లో యుద్ధఖైదీలకు విడిగా ఒక పతకం ఏర్పాటు చేసింది. అక్కడ ప్రతి సెప్టెంబరులో మూడో శుక్రవారం ఖైదీలను, గల్లంతైనవారిని తలుచుకునే రోజుగా పాటిస్తారు. వియత్నాం నుంచి తిరిగిరాని వారి కుటుంబాలు ఏళ్ల తరబడి వీధుల్లో, చట్టసభల్లో చేసిన ఒత్తిడి దీని వెనక ఉంది.

భారత్‌లో యుద్ధఖైదీగా ఉన్నందుకు ప్రత్యేక పతకం లేదు, ప్రత్యేక దినమూ లేదు. 1963లో తిరిగొచ్చినవారికి మొదట ఎదురైంది విచారణ. శత్రువు ఏం అడిగాడు, ఏం చెప్పారు, మనసు మార్చగలిగాడా అని తెలుసుకోవడం ఏ సైన్యమైనా చేసే పనే. దాన్ని తప్పుపట్టలేం. కానీ బయట వాతావరణం వేరు. దేశం అవమానంతో రగిలిపోతోంది. ఓటమి ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు జవాబు వెతుకుతున్న రోజుల్లో ఖైదీలు ఆ ఓటమికి నడిచొచ్చిన గుర్తుల్లా కనిపించారు. నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని నామ్కా చూ నది దగ్గర ఓడిన 7వ పదాతి బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్ జాన్ దళ్వీ 1962 అక్టోబర్ 22న పట్టుబడి 1963 మేలో తిరిగొచ్చారు. ఆయన తన అనుభవాన్ని పుస్తకంగా రాయగలిగారు. ఉన్నతాధికారి కాబట్టి, ఇంగ్లిష్ మీద పట్టుంది కాబట్టి ఆ గొంతు మిగిలింది. ఆయనతో పాటు పట్టుబడిన వేల జవాన్లలో ఎక్కువమంది మాటలు ఇంటి గడప దాటలేదు.

మరో సంగతి ఇక్కడ ప్రస్తావించాలి. యుద్ధఖైదీల వ్యవహారంలో భారత్‌కు అప్పటికే ప్రపంచంలో మంచి పేరుంది. కొరియాలో 1953లో తమ దేశానికి తిరిగి వెళ్లడానికి ఒప్పుకోని ఖైదీల బాధ్యతను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించారు. దాని అధ్యక్షుడు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఒక వైపు నుంచి 22,604 మందిని, మరో వైపు నుంచి 359 మందిని భారత సైనికులే కాపలా కాశారు, ప్రతి ఒక్కరి ఇష్టాన్నీ తెలుసుకునే ప్రక్రియ నడిపించారు. ఖైదీ అంటే ఎవరు, అతని మనసు మీద ఏ ఒత్తిళ్లు పనిచేస్తాయి అన్నది మన సైన్యానికి అంత దగ్గరగా తెలుసు. ఆ అనుభవం పదేళ్ల తరవాత సొంత ఖైదీలను అర్థం చేసుకోవడానికి ఉపయోగపడాల్సింది.

హైదరాబాద్ పేరున్న బెటాలియన్లు

రెజాంగ్‌లా వీరుల కుమావ్ రెజిమెంటుకు 1945 దాకా ఉన్న పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటు. దాని మూలాలు నిజాం కోసం బ్రిటిష్ అధికారుల కింద ఏర్పడిన హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. పేరు హైదరాబాద్‌దే అయినా 20వ శతాబ్దం నాటికి సైనికుల్లో ఎక్కువమంది కుమావోనీలు, అహీర్లు, జాట్లు.

ఈ రెజిమెంటు 4వ బెటాలియన్ మలయాలో ఉండగా 1942 జనవరి 7న స్లిమ్ నది యుద్ధంలో జపాన్ ట్యాంకుల ధాటికి చెల్లాచెదురైంది. నిజాం సొంత సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ అంతకు ముందే, జపాన్ మొదట దిగిన కోటాబారులో విమానాశ్రయ రక్షణలో ఉంది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తరవాత ఫారర్ పార్కులో దాదాపు 45,000 మంది భారత సైనికులను జపాన్‌కు అప్పగించారు.

అక్కడి నుంచి దారి రెండుగా చీలింది. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరనివారు ఖైదీలుగానే మిగిలారు. వారిలో వేలమందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు పనివాళ్లుగా పంపించారు. న్యూగినీలోని వేవాక్ ప్రాంతానికి తీసుకెళ్లినవారిలో అత్యధికులు ఆకలితో, రోగాలతో, హింసతో చనిపోయారు. జనరల్ తిమ్మయ్య ఒకప్పుడు పనిచేసింది ఈ 4/19 హైదరాబాద్‌లోనే. సింగపూర్ పతనానికి ముందే ఆయన భారత్‌కు బదిలీ అయ్యారు. ఆయన అన్న సింగపూర్‌లో పట్టుబడి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. ఒకే ఇంట్లో ఇద్దరు సైనికుల జీవితాలను ఒక బదిలీ ఉత్తర్వు వేరు చేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజ్ వారికి స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తింపు దొరికింది, సైన్యంలోకి మాత్రం తిరిగి తీసుకోలేదు. చేరకుండా ఖైదులో మగ్గినవారి సంగతి ఇంకా ఇబ్బందికరం. వారు నిలబెట్టుకున్న ప్రమాణం బ్రిటిష్ రాజుకు చేసింది. కొత్త దేశం కథలో దానికి చోటెక్కడ? వారిని ద్రోహులని ఎవరూ అనలేదు, వీరులనీ అనలేదు. తూర్పు, పశ్చిమ గోదావరి మొదలు చాలా జిల్లాల నుంచి ఆ యుద్ధానికి మనుషులు వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్ల స్మారకాల మీద చెక్కింది నేలకొరిగినవారి పేర్లే. ఖైదు నుంచి తిరిగొచ్చి పొలం పనుల్లో పడినవారికి రాయి ఉండదు.

1971: లిస్టులో లేని మనుషులు

యుద్ధఖైదీ అనగానే తెలుగు పాఠకులకు ముందు గుర్తొచ్చేది 1971లో ఢాకాలో లొంగిపోయిన 93,000 మంది పాకిస్తానీలు. ఆ సంఖ్యలో పౌరులు కూడా ఉన్నారు. వారిని వదలడం సిమ్లా ఒప్పందం, ఆ తరవాత 1973 ఆగస్టు నాటి ఢిల్లీ ఒప్పందం, బంగ్లాదేశ్ డిమాండ్లతో ముడిపడి చాలాకాలం నడిచింది. పశ్చిమ సరిహద్దులో పట్టుబడిన మన సైనికులు 600 మందికి పైగా 1972 డిసెంబరులో తిరిగొచ్చారు.

కానీ కొందరు రాలేదు. 54 మంది పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారన్నది దశాబ్దాలుగా వినిపిస్తున్న మాట. ఖైదీలు సహా 83 మంది రక్షణ సిబ్బంది పాకిస్తాన్ చెరలో ఉన్నట్టు భావిస్తున్నామని భారత ప్రభుత్వం 2019లో పార్లమెంటుకు చెప్పింది. తమ దగ్గర ఎవరూ లేరన్నది పాకిస్తాన్ మాట. 1983లో, 2007లో కొన్ని కుటుంబాలు అక్కడి జైళ్లు చూసి వచ్చాయి, ఎవరూ కనిపించలేదు.

థాపా ఉదంతాన్ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆయన పేరు లిస్టులోకి వచ్చింది, అందుకే మృతుడు మళ్లీ బతికున్నవాడయ్యాడు. వీరి పేర్లు లిస్టులోకి రాలేదు. ఏడేళ్లు కబురు లేని మనిషి చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్యాధార చట్టం చెబుతుంది. పింఛను, ఆస్తి పనులు దానివల్ల ముందుకు కదులుతాయి. కానీ దహనం లేదు, తద్దినం ఏ తిథిన పెట్టాలో తెలియదు. ఇంత కాలంగా ఆ కుటుంబాలు భరించినది మరణవార్త కంటే బరువైనది.

గల్వాన్ తరవాత

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. 16 బిహార్ కమాండింగ్ అధికారి కల్నల్ సంతోష్ బాబు స్వస్థలం సూర్యాపేట. ఆయన విగ్రహం ఏడాదిలోనే ఆ ఊళ్లో వెలిసింది, మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. తెలుగు రాష్ట్రాల్లో ఆయన పేరు తెలియనివారు తక్కువ, అది న్యాయమే.

అదే రాత్రి మరికొందరు చైనా చేతికి చిక్కారు. సైనికులెవరూ గల్లంతు కాలేదని జూన్ 18న సైన్యం చెప్పింది. చర్చల తరవాత పదిమంది ఆ సాయంత్రం తిరిగొచ్చారని, వారిలో అధికారులు కూడా ఉన్నారని పత్రికలు రాశాయి. చర్చలు నడుస్తున్నప్పుడు నోరు మెదపకపోవడం సరైన పద్ధతే. పేర్లు బయటికొస్తే ఎదుటివాడికి బేరం పెరుగుతుంది, ఇంట్లోవాళ్లకు టెన్షన్ పెరుగుతుంది. ఖైదీలను ప్రదర్శనకు పెట్టకూడదని జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెప్పేదీ ఇందుకే. 2019 ఫిబ్రవరిలో వైమానిక దళ పైలట్ అభినందన్ వీడియోలను పాకిస్తాన్ బయటపెట్టినప్పుడు భారత్ అభ్యంతరం తెలిపింది. ఆయన మూడు రోజుల్లో తిరిగొచ్చారు. ఆ దృశ్యాలవల్లే ఇంటింటికీ తెలిసిన పేరయ్యారు. గల్వాన్ సైనికుల విషయంలో దృశ్యం లేదు, అధికారిక వివరణా లేదు. అప్పటి మౌనానికి కారణం ఉంది. అదే మౌనం ఏళ్ల తరబడి సాగితే మాత్రం 1963లో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

రికార్డు ఎక్కడుంది

థాపా లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరై లక్నోలో స్థిరపడ్డారు, 2005 సెప్టెంబరులో కన్నుమూశారు. షిప్పింగ్ కార్పొరేషన్ ఒక నౌకకు ఆయన పేరు పెట్టింది. 2023 జనవరి 23న అండమాన్‌లో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఆయన పేరూ చేరింది. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో ఆయన విగ్రహం ఉంది. ఆయన పోరాడిన సిరిజాప్ మాత్రం వాస్తవాధీన రేఖకు అవతల ఉండిపోయింది. ఫింగర్ 3 దగ్గరి పోస్టు ఆ లోటును కొంత పూడుస్తుంది.

ఇవన్నీ పతకానికి దక్కిన గుర్తింపులు. పతకం లేని నాలుగు వేలమందికి ఏం మిగిలిందో తెలియాలంటే చూడాల్సింది రికార్డుల్లో. తిరిగొచ్చిన ఖైదీలను 1963లో అడిగిన ప్రశ్నలు, వారిచ్చిన జవాబులు అలాంటి రికార్డే. 1962 ఓటమిపై హెండర్సన్ బ్రూక్స్ కమిటీ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు, కొంత భాగం 2014లో బయటికి పొక్కింది. రక్షణ శాఖ 2021 జూన్‌లో కొత్త విధానం తెచ్చింది. పాత యుద్ధ రికార్డులను పరిశీలించి జాతీయ పురాభిలేఖాగారానికి పంపాలని, ఇకమీదట జరిగే యుద్ధాల చరిత్రను ఐదేళ్లలో సంకలనం చేయాలని అందులో ఉంది. 1962 వంటి పాత యుద్ధాల సంగతి విడివిడిగా నిర్ణయిస్తామన్నారు.

ఆ యుద్ధంలో 20 ఏళ్ల వయసున్న జవాను ఇప్పుడు 80 దాటాడు. ఫైళ్లు ఎప్పుడు తెరిచినా చదవొచ్చు, మనుషుల విషయంలో ఆ వెసులుబాటు లేదు. చాలా జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, మాజీ సైనికుల పేర్లు దాని దగ్గర నమోదై ఉంటాయి. 1962లోనో 1971లోనో ఖైదులో గడిపినవారు ఆ జిల్లాలో ఎవరైనా మిగిలి ఉంటే కూర్చోబెట్టి, వారి భాషలో, వారు చెప్పినంత మేరకు రికార్డు చేయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.